ఎకనామిక్స్ పీహెచ్‌డీతో పాటే స్టాటిస్టిక్స్ ఎమ్మెస్: క్రెడిట్లు, కోర్సులు, వీసా సంగతులు

రెండోఏడు (ప్రశ్న అడిగినవారు)

నమస్కారం అండి. అమెరికాలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ, రెండో ఏడు మొదలవబోతోంది. కోర్ కోర్సులు, ప్రిలిమ్స్ (వాటి మీద అర్హత పరీక్షలు) అయిపోయాయి. ఫీల్డులు లేబర్, ఎకనోమెట్రిక్స్. ఐదో ఏడు ఫాల్‌లో జాబ్ మార్కెట్‌కి వెళ్ళాలని ఆలోచన.

మా దగ్గర పీహెచ్‌డీ వాళ్ళు ఇంకో డిపార్ట్‌మెంటులో మాస్టర్స్‌కి కూడా చేరవచ్చు. స్టాటిస్టిక్స్ ఎమ్మెస్‌కి 30 క్రెడిట్లు, అంటే మూడేసి క్రెడిట్ల కోర్సులు పది. మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ రెండు సెమిస్టర్లు, లీనియర్ మోడల్స్, అప్లైడ్ రిగ్రెషన్, స్టాటిస్టికల్ కంప్యూటింగ్ తప్పనిసరి. మిగతా ఐదూ మన ఇష్టం. థీసిస్ లేదు, చివర్లో కాంప్రహెన్సివ్ పరీక్ష ఉంటుంది.

ఎకనోమెట్రిక్స్ క్రెడిట్లు రెండు డిగ్రీలకీ లెక్కేస్తారా? ట్యూషన్ వేవర్ (ఫీజు మాఫీ) ఈ కోర్సులకి వర్తిస్తుందా? డిగ్రీ జోలికి పోకుండా కోర్సులు మాత్రం చేసుకుంటే సరిపోతుందా, చేస్తే ఏవి చేయాలి? ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ డిగ్రీ చేతిలో ఉంటే ఏమైనా కలిసొస్తుందా?

నమూనాపరిధి

ముందు క్రెడిట్లు, డబ్బు తేల్చుకోండి. అవి కుదరకపోతే మిగతా చర్చ అక్కర్లేదు.

క్రెడిట్ల దగ్గర మూడు మాటలు వినిపిస్తాయి, మూడూ వేరు. కోర్సుని "వేవ్" చేశారంటే, ఆ విషయం మీకు వచ్చు కనుక ఆ కోర్సు చేయనక్కర్లేదని అర్థం. కానీ ఆ మూడు క్రెడిట్లు ఇంకో స్టాట్స్ కోర్సుతో నింపాల్సిందే, పని ఏమీ తగ్గదు. "సబ్‌స్టిట్యూట్" చేశారంటే, మీ ఎకనోమెట్రిక్స్ కోర్సుని వాళ్ళ కోర్సు స్థానంలో ఒప్పుకుని, క్రెడిట్లు కూడా ఎమ్మెస్‌లో వేస్తారు. "డబుల్ కౌంట్" అంటే అవే క్రెడిట్లు పీహెచ్‌డీలోనూ ఉంటాయి, ఎమ్మెస్‌లోనూ ఉంటాయి. మొదటి రెండూ స్టాట్స్ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంటాయి. మూడోది గ్రాడ్యుయేట్ స్కూల్ నిబంధన, దానికి సాధారణంగా ఒక పరిమితి పెడతారు. "మీ ఎకనోమెట్రిక్స్ ఒప్పుకుంటాం" అని స్టాట్స్ వాళ్ళు నోటిమాటగా అంటే ఈ మూడింటిలో ఏదో తెలియదు. ఈమెయిల్‌లో సూటిగా అడిగి, జవాబు దాచుకోండి.

చాలామంది దెబ్బతినేది ఇంకో చోట. ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లు రెండో ఏడు చివర్లో, పీహెచ్‌డీ దారిలోనే ఒక ఎమ్మే ఇస్తుంటాయి. ఒక మాస్టర్స్‌కి వాడేసిన క్రెడిట్లని ఇంకో మాస్టర్స్‌కి ఇవ్వకూడదనే నిబంధన చాలా చోట్ల ఉంటుంది. ఆ ఎమ్మే ఫారం నింపారంటే మొదటి ఏడాది ఎకనోమెట్రిక్స్ అందులోకి వెళ్ళిపోతుంది, డిగ్రీ ఇచ్చేశాక వెనక్కి రాదు. ఆ ఫారం మీద సంతకం పెట్టకముందే గ్రాడ్యుయేట్ స్కూల్‌ని అడగండి.

వేవర్ విషయంలో మూడు చూడాలి. సెమిస్టర్‌కి ఎన్ని క్రెడిట్ల దాకా వర్తిస్తుంది? మీ పీహెచ్‌డీ ప్లాన్‌లో లేని కోర్సుకి కూడా వర్తిస్తుందా? ఆ ఎమ్మెస్‌కి విడిగా, ఎక్కువ రేటులో ఫీజు ఉందా? మూడోది చాలామంది చూడరు. కొన్ని స్టాట్స్ ఎమ్మెస్‌లు ప్రొఫెషనల్ ప్రోగ్రాముల కింద నడుస్తాయి. వాటి ఫీజు వేరు, అసిస్టెంట్‌షిప్ వేవర్ వాటికి వర్తించకపోవచ్చు. అదే కోర్సుని పీహెచ్‌డీ విద్యార్థిగా తీసుకుంటే వేవర్ కిందకి వచ్చి, ఎమ్మెస్‌లో చేరిన మరుక్షణం బిల్లు మారే అవకాశం ఉంది. అందుకని అప్లికేషన్ పెట్టకముందే బర్సార్ ఆఫీసుని (ఫీజుల ఆఫీసు) అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

సిగ్మాబీజం

నేను కోర్సుల గురించే చెప్తాను. ప్రిలిమ్స్ అయినవాళ్ళకి స్టాట్స్ కోర్సులు మూడు రకాలుగా కనిపించాలి: వచ్చేసినవి, వచ్చేసినట్టు కనిపించేవి, నిజంగా కొత్తవి.

అప్లైడ్ రిగ్రెషన్ వచ్చేసినదే. రెసిడ్యువల్ ప్లాట్లు, లెవరేజ్, కుక్స్ డిస్టెన్స్ లాంటి డయాగ్నాస్టిక్స్ తప్ప అందులో మీకు కొత్తగా ఏమీ ఉండదు. వాటిని రెండు వారాలు కూర్చుని సొంతంగా నేర్చుకోవచ్చు. సబ్‌స్టిట్యూట్ చేయించుకోవాల్సిన మొదటి కోర్సు అదే.

మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ వచ్చేసినట్టు కనిపిస్తుంది, కానీ రాలేదు. డిస్ట్రిబ్యూషన్లు, లైక్లీహుడ్, టెస్టులు మీరు చూసినవే. అయితే ఎకనోమెట్రిక్స్ కోర్‌లో సఫిషియెన్సీ, కంప్లీట్‌నెస్ దాదాపుగా దాటేస్తారు. ఇక్కడ రావు-బ్లాక్‌వెల్, లేమన్-షెఫే, బాసు సిద్ధాంతాలు కోర్సుకి నడుము లాంటివి. కాంప్రహెన్సివ్‌లో ఎకనామిక్స్ వాళ్ళు తడబడేది కూడా ఇక్కడే. ఏ ఎస్టిమేటర్ ఇచ్చినా చేయి అలవాటుగా రూట్-ఎన్ వేగం (ఎన్ అంటే పరిశీలనల సంఖ్య), నార్మల్ లిమిట్ వైపు పోతుంది. ఒక ఉదాహరణ చూడండి. సున్నా నుంచి థీటా వరకు ఉన్న యూనిఫాం డిస్ట్రిబ్యూషన్ నుంచి 9 పరిశీలనలు తీశారు. థీటాకి మాగ్జిమమ్ లైక్లీహుడ్ ఎస్టిమేటర్ ఆ తొమ్మిదిలో అతిపెద్ద విలువ. అది ఎప్పుడూ థీటాకి కిందే ఉంటుంది కనుక బయాస్డ్. దాన్ని 10/9తో గుణిస్తే అన్‌బయాస్డ్ అవుతుంది. ఆ అతిపెద్ద విలువ సఫిషియెంట్, కంప్లీట్ కూడా కాబట్టి, అన్‌బయాస్డ్ ఎస్టిమేటర్లు అన్నిటిలోకీ దీనికే వేరియన్స్ తక్కువ. ఇక్కడ సపోర్ట్ థీటా మీద ఆధారపడి ఉంది కనుక మామూలు ఇన్ఫర్మేషన్ లెక్క పనిచేయదు. ఎస్టిమేటర్ థీటాని చేరే వేగం రూట్-ఎన్ కాదు, ఎన్. లిమిట్ నార్మల్ కాదు, ఎక్స్‌పొనెన్షియల్. ఈ లెక్కని కాగితం మీద పది నిమిషాల్లో చేయగలిగితే మ్యాథ్ స్టాట్ మొదటి సెమిస్టర్ సబ్‌స్టిట్యూట్ అడగండి. లేదంటే కూర్చుని చేయండి, అది మీకు అవసరమే.

ఇక కొత్తవి. మీ ఫీల్డుల్లో ఎకనోమెట్రిక్స్ ఉంది కాబట్టి మెజర్ థియరీతో చెప్పే ప్రాబబిలిటీ కోర్సుని ముందు పెట్టండి. ఇది ఎమ్మెస్ స్థాయి కాదు, పీహెచ్‌డీ స్థాయి. డెరివేటివ్‌ని ఎక్స్‌పెక్టేషన్ లోపలికి ఎప్పుడు తీసుకెళ్ళవచ్చో చెప్పేది డామినేటెడ్ కన్వర్జెన్స్. కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్ ఉందని చెప్పగలిగేది రాడాన్-నికోడిమ్ వల్ల. టైమ్ సిరీస్‌లో వచ్చే మార్టింగేల్ సెంట్రల్ లిమిట్ థీరమ్‌కి పునాది కూడా ఇక్కడే. దీని తర్వాత అసింప్టాటిక్ థియరీ చేస్తే ఎకనోమెట్రిక్స్ థియరీ పేపర్ల అపెండిక్సులు చదవడం వస్తుంది. వరస మాత్రం తప్పకూడదు: రియల్ అనాలిసిస్, ప్రాబబిలిటీ, అసింప్టాటిక్స్. రియల్ అనాలిసిస్ లేకుండా ప్రాబబిలిటీలో దిగితే మొదటి నెలలోనే కాళ్ళు తేలిపోతాయి.

లేబర్ కోసం అయితే నా ఓటు సర్వే శాంప్లింగ్ కోర్సుకి. దాని విలువ ఎకనామిక్స్ వాళ్ళకి తెలియదు, ఎందుకంటే మన కోర్సుల్లో వెయిట్ల (ఒక్కో జవాబు ఎంతమందికి లెక్కో చెప్పే సంఖ్యల) గురించి ఒక పూట మించి చెప్పరు. అమెరికన్ కమ్యూనిటీ సర్వే మైక్రోడేటానే తీసుకోండి. ప్రతి వరసకీ అసలు వెయిట్‌తో పాటు 80 రెప్లికేట్ వెయిట్లు ఇస్తారు. మీ అంచనాని అసలు వెయిట్‌తో ఒకసారి, రెప్లికేట్లతో 80 సార్లు వేసి, తేడాల వర్గాలన్నీ కూడి, 4/80తో గుణిస్తే వేరియన్స్ వస్తుంది. ఆ 4 ఎక్కడి నుంచి వచ్చిందో, స్ట్రాటాలని వదిలేస్తే స్టాండర్డ్ ఎర్రర్ ఎటు జరుగుతుందో ఈ కోర్సులోనే తెలుస్తుంది. నిరుద్యోగ కాలవ్యవధుల మీద పనిచేసే ఉద్దేశం ఉంటే సర్వైవల్ అనాలిసిస్ కూడా తీసుకోండి. సెన్సారింగ్‌ని (వ్యవధి ముగియకముందే పరిశీలన ఆగిపోవడం) అంత శ్రద్ధగా మన వైపు ఎవరూ చెప్పరు.

మాక్రో వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: మీకు మొదటి కోర్సు బేసియన్ కంప్యూటేషన్. గిబ్స్ శాంప్లర్, మెట్రోపాలిస్-హేస్టింగ్స్, స్టేట్ స్పేస్ మోడల్స్ వస్తే డీఎస్‌జీఈ అనే మాక్రో మోడళ్ళ ఎస్టిమేషన్‌లో సగం పని తేలికవుతుంది.

అంతరం

సిగ్మాబీజం గారు లీనియర్ మోడల్స్ వదిలేశారు, అది నేను అందుకుంటాను. రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య మాటల గందరగోళం అంతా అందులోనే ఉంది.

"ఫిక్స్‌డ్ ఎఫెక్ట్" అంటే స్టాట్స్ క్లాసులో ఒక స్థిరమైన కోఎఫిషియెంట్, అంతే. మామూలు రిగ్రెషన్ వాలు కూడా ఫిక్స్‌డ్ ఎఫెక్టే. మన దగ్గర ఆ మాటకి ఒక్కో వ్యక్తికీ ఒక ఇంటర్‌సెప్ట్, అది రిగ్రెసర్లతో కోరిలేట్ అయినా ఫర్వాలేదని అర్థం. స్టాట్స్ వాళ్ళు అదే ఇంటర్‌సెప్ట్‌ని రాండమ్ అనుకుని మిక్స్‌డ్ మోడల్ వేస్తారు. అందులో రిగ్రెసర్లతో కోరిలేషన్ లేదనే ఊహ దాగి ఉంటుంది, దాన్ని బోర్డు మీద విడిగా రాయరు. మీరు చేయి ఎత్తి "ఇది ఎండోజెనస్ కదా" (ఆ కోరిలేషన్ ఉంది కదా) అంటే ఆ మాట వాళ్ళకి అందదు. ముండ్లాక్ 1978లో చూపించిన దారి ఇక్కడ పనికొస్తుంది: మిక్స్‌డ్ మోడల్‌లో ప్రతి రిగ్రెసర్‌తో పాటు ఆ వ్యక్తి సగటుని కూడా చేర్చండి. అప్పుడు అసలు రిగ్రెసర్ కోఎఫిషియెంట్ మన వితిన్ ఎస్టిమేటర్‌తో (ప్రతి వ్యక్తి సగటునీ తీసేసి వేసేది) సరిగ్గా సమానం అవుతుంది. ఇద్దరికీ అర్థమయ్యే భాష అది.

పేర్ల తేడా ఇంకా ఉంది. మనం లాగ్రాంజ్ మల్టిప్లయర్ టెస్ట్ అనేది స్టాట్స్‌లో స్కోర్ టెస్ట్. మన సి.ఆర్.రావు గారు 1948లో ఇచ్చినదే అది. ఫ్రిష్-వా-లవెల్ సిద్ధాంతం అక్కడ యాడెడ్ వేరియబుల్ ప్లాట్ రూపంలో వస్తుంది. వైట్ స్టాండర్డ్ ఎర్రర్లని శాండ్‌విచ్ ఎస్టిమేటర్ అంటారు, దానికి హ్యూబర్ 1967 పేపర్‌ని చెప్తారు. పేరు దాటి చూస్తే, తప్పనిసరి కోర్సుల్లో ఒకటి రెండు మీకు ముందే వచ్చని పట్టికతో చూపించవచ్చు. సబ్‌స్టిట్యూట్ అడిగేటప్పుడు ఎడమ పక్క వాళ్ళ సిలబస్ అంశం, కుడి పక్క మీ కోర్సులో అది వచ్చిన వారం రాసి పంపండి. పేర్లు కలవలేదన్న కారణంతోనే తిప్పి పంపేవి చాలా ఉంటాయి.

లీనియర్ మోడల్స్ ఎందుకు చేయాలో చెప్పే లెక్క ఒకటి. 200 మంది వ్యక్తులు, ఒక్కొక్కరికీ 5 ఏళ్ళు, మొత్తం 1000 వరసలు, 3 రిగ్రెసర్లు. ప్రతి వ్యక్తి సగటునీ తీసేసి, మిగిలినదాని మీద ఇంటర్‌సెప్ట్ లేకుండా మామూలు ఓఎల్‌ఎస్ నడిపారు. కోఎఫిషియెంట్లు సరిగ్గానే వస్తాయి. కానీ సాఫ్ట్‌వేర్‌కి మీరు 200 సగటులు తీసేసిన సంగతి తెలియదు. అది డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ని 1000లోంచి 3 తీసి 997 అనుకుంటుంది. నిజానికి మిగిలినవి 1000 − 200 − 3 = 797. 797ని 997తో భాగించి వర్గమూలం తీస్తే 0.894. అంటే మీ స్టాండర్డ్ ఎర్రర్ ఉండాల్సినదానికన్నా 10 శాతం పైగా తక్కువ చూపిస్తుంది. టీ విలువ 1.85 ఉండాల్సిన చోట 2.07 కనిపిస్తుంది, పక్కన సిగ్నిఫికెంట్ అనే నక్షత్రం గుర్తు వచ్చేస్తుంది. లీనియర్ మోడల్స్ కోర్సు ప్రొజెక్షన్ మాట్రిక్స్ ర్యాంక్ దగ్గర మొదలుపెడుతుంది కాబట్టి, అది చేసినవాళ్ళకి ఈ పొరపాటు చూడగానే కంట్లో పడుతుంది. ఇది మామూలు స్టాండర్డ్ ఎర్రర్ల సంగతి. వ్యక్తి స్థాయిలో క్లస్టర్ చేస్తే ఆ 200నీ ఇలా తీసివేయనక్కర్లేదు. ఆ రెండో వాక్యం ఎందుకు నిజమో రాసి చూపించగలగడం లేబర్ చేసేవాళ్ళకి పనికొచ్చే అభ్యాసం.

కాలపట్టిక

వీసా, ఉద్యోగాల మీద రెండు మాటలు.

మీ ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం) మీద సీఐపీ కోడ్, అంటే మీ చదువు రంగం నంబరు, చూడండి. 45.0603 ఉంటే అది ఎకనోమెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్, స్టెమ్ జాబితాలో ఉంది. పీహెచ్‌డీ తర్వాత 12 నెలల ఓపీటీకి (చదువయ్యాక పనిచేసే అనుమతి) 24 నెలల పొడిగింపు దాని మీదే అడగవచ్చు, ఇందుకోసం స్టాట్స్ ఎమ్మెస్ అక్కర్లేదు. 45.0601 ఉంటే అది మామూలు ఎకనామిక్స్, జాబితాలో లేదు. అప్పుడు స్టాట్స్ ఎమ్మెస్‌కి నిజమైన విలువ ఉంది. స్టాటిస్టిక్స్ కోడ్ 27.0501, అది స్టెమ్. పీహెచ్‌డీ ఓపీటీలో ఉంటూ, గత 10 ఏళ్ళలో తీసుకున్న స్టెమ్ డిగ్రీని ఆధారంగా చూపించి 24 నెలల పొడిగింపు అడిగే వీలుంది. ఆ డిగ్రీ మీద అంతకుముందు పొడిగింపు వాడి ఉండకూడదు, ఉద్యోగం ఆ స్టెమ్ డిగ్రీకి నేరుగా సంబంధించి ఉండాలి. ఎమ్మెస్ పూర్తయిన తేదీ, పీహెచ్‌డీ ఐ-20 గడువు కలగాపులగం కాకుండా డీఎస్ఓతో (యూనివర్సిటీలో వీసా సంగతులు చూసే అధికారి) ముందే మాట్లాడండి.

యూనివర్సిటీ ఉద్యోగాలకి ఈ డిగ్రీ సీవీలో ఒక వరస. కమిటీలు చూసేది జాబ్ మార్కెట్ పేపర్, రికమెండేషన్ లెటర్లు. ఫెడరల్ ఉద్యోగాలకి అర్హత ఉన్నవాళ్ళు క్రెడిట్లు చూసుకోవాలి: ఎకనామిస్ట్ సిరీస్ 0110కి ఎకనామిక్స్‌లో 21 సెమిస్టర్ గంటలతో పాటు స్టాటిస్టిక్స్, అకౌంటింగ్, కాల్క్యులస్‌లలో దేనిలోనైనా 3 గంటలు చాలు. స్టాటిస్టీషియన్ సిరీస్ 1530కి స్టాటిస్టిక్స్‌లో 15 గంటలు, లేదా గణితం, స్టాటిస్టిక్స్ కలిపి 15, అందులో స్టాటిస్టిక్స్ కనీసం 6. దానికి తోడు సైన్స్, సోషల్ సైన్స్ లాంటి వాటిలో ఇంకో 9. ఐదు కోర్సులతో ఆ 15 నిండుతాయి, డిగ్రీ పట్టా లేకపోయినా.

రెండోఏడు

అందరికీ చాలా థాంక్స్ అండి. ఐ-20 చూశాను, 45.0603 ఉంది. ఎమ్మే ఫారం ఇంకా నింపలేదు. కాలేజీలో రియల్ అనాలిసిస్ రెండు సెమిస్టర్లు చేశాను. నా ప్లాన్ ఇది: రెండో ఏడు ఫాల్‌లో రెండు ఫీల్డ్ కోర్సులు, మ్యాథ్ స్టాట్ 1, ప్రాబబిలిటీ. స్ప్రింగ్‌లో రెండు ఫీల్డ్ కోర్సులు, మ్యాథ్ స్టాట్ 2, లీనియర్ మోడల్స్. మూడో ఏడు శాంప్లింగ్, అసింప్టాటిక్స్, కంప్యూటింగ్, ఇంకొకటి. అప్లైడ్ రిగ్రెషన్‌కీ, ఒక ఎలెక్టివ్‌కీ సబ్‌స్టిట్యూట్ అడుగుతాను. నాలుగో ఏడు స్ప్రింగ్‌లో కాంప్రహెన్సివ్. ఇది నడుస్తుందా?

నమూనాపరిధి

కాగితం మీద క్రెడిట్లు సరిపోతున్నాయి కానీ, రెండు చోట్ల విరుగుతుంది.

మొదటిది రెండో ఏడు ఫాల్. ప్రాబబిలిటీ, మ్యాథ్ స్టాట్ రెండింటికీ వారం వారం హోంవర్క్ ఉంటుంది, ఒక్కోదానికి వారానికి 10 గంటలకి తక్కువ పట్టదు. ఫీల్డ్ కోర్సులు, టీఏ పని కూడా కలిస్తే ముందు జారిపోయేది ఫీల్డ్ పేపర్, ఎందుకంటే దానికి వారం వారం గడువు ఉండదు. ఫాల్‌లో ప్రాబబిలిటీ ఒక్కటే ఉంచండి. యూనిఫాం ఉదాహరణ మీకు చేతనైతే మ్యాథ్ స్టాట్ 1కి సబ్‌స్టిట్యూట్ అడగండి, ఎలెక్టివ్‌ని మార్చడం కన్నా అది మేలు. కుదరకపోతే దాన్ని మూడో ఏడు ఫాల్‌కి, మ్యాథ్ స్టాట్ 2ని ఆ తర్వాతి స్ప్రింగ్‌కి జరపండి. మ్యాథ్ స్టాట్ 1 ఫాల్‌లోనే మొదలవుతుందా అన్నది మాత్రం ముందే చూసుకోండి. ఏడాదికొకసారే చెప్పే చోట, వదిలేస్తే మళ్ళీ 12 నెలల దాకా రాదు.

రెండోది మూడో ఏడు. నాలుగు కోర్సులు పెట్టుకున్నారు, థర్డ్ ఇయర్ పేపర్ కూడా అప్పుడే రావాలి. ఆ ఏడాది శాంప్లింగ్, అసింప్టాటిక్స్ మాత్రం ఉంచి, కంప్యూటింగ్ నాలుగో ఏడు ఫాల్‌కి వదిలేయండి. కాంప్రహెన్సివ్ నాలుగో ఏడు స్ప్రింగ్‌లో అంటున్నారు కదా, ఫెయిలైతే మళ్ళీ ఎప్పుడు రాయవచ్చో అడగండి. రెండో అవకాశం ఐదో ఏడు ఫాల్‌లో పడితే అది మీ జాబ్ మార్కెట్ సెమిస్టర్. దానికన్నా మ్యాథ్ స్టాట్ 2, లీనియర్ మోడల్స్ బుర్రలో తాజాగా ఉండగానే, మూడో ఏడు చివరి పరీక్షకి కూర్చోవడానికి వీలుందేమో చూడండి. చాలా చోట్ల అన్ని కోర్సులూ పూర్తవకపోయినా రాయనిస్తారు.

45.0603 ఉంది కాబట్టి వీసా కోసం మీకు ఈ పట్టా అక్కర్లేదు. మీ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ గ్రాడ్యుయేట్ మైనర్ ఉందేమో వెతకండి, చాలా చోట్ల 9 నుంచి 12 క్రెడిట్లే. ప్రాబబిలిటీ, లీనియర్ మోడల్స్, శాంప్లింగ్, అసింప్టాటిక్స్ నాలుగూ కలిస్తే 12. ఎమ్మెస్ అయినా మైనర్ అయినా రెండో ఏట చేయాల్సిన కోర్సులు అవే కనుక, ఎమ్మెస్ అప్లికేషన్‌ని రెండో ఏడు స్ప్రింగ్ దాకా ఆపినా పోయేదేమీ లేదు. చేరకముందు చేసిన క్రెడిట్లని ఎమ్మెస్‌లో ఎన్ని వేసుకోనిస్తారో మాత్రం ఈ వారమే కనుక్కోండి. ఆ పరిమితి 6 అయితే స్ప్రింగ్ మొదటి వారానికే అప్లికేషన్ వెళ్ళాలి.